ధైర్యం చెప్పేటోళ్ల బుగులు

2020 ఏప్రిల్ 21. తెలంగాణ ఆరోగ్యశాఖ లెక్కల్లో ఆ రోజు రాష్ట్రమంతటా కలిపి 56 కొత్త కరోనా కేసులు. అందులో 26 సూర్యాపేటవే. ఆ ఒక్కరోజు హైదరాబాద్ మహానగరం కూడా సూర్యాపేట వెనకే ఉంది. మర్నాడు ప్రభుత్వ ప్రధాన కార్యదర్శి సోమేశ్ కుమార్, డీజీపీ మహేందర్ రెడ్డి జిల్లాకు పరుగున వచ్చారు. కూరగాయల మార్కెట్ చుట్టుపక్కల వీధులకు వెదురు బొంగులు అడ్డం పడ్డాయి. రెండు మూడు రోజుల్లో జిల్లా లెక్క 83కు చేరింది.

ఆ వీధుల్లోకి ఎవరూ పోవద్దని ఊరందరికీ మైకులో చెప్పారు. పొద్దున్నే అక్కడికి పోవాలని కొందరికి మాత్రం ఫోన్లో చెప్పారు. ఆ కొందరు ఆశా కార్యకర్తలు, ఏఎన్ఎంలు, ల్యాబ్ టెక్నీషియన్లు, 108 సిబ్బంది, పారిశుధ్య కార్మికులు, పీహెచ్‌సీ డాక్టర్లు. సూర్యాపేటను ఆనుకునే ఉంది చివ్వెంల మండలం. దురాజ్‌పల్లి, కుడకుడ మనుషులకు కూరగాయలు అమ్మాలన్నా, కూలికి పోవాలన్నా, మందుబిళ్ల కొనాలన్నా పేటే దిక్కు. పేటలో పుట్టిన బుగులు చివ్వెంల పీహెచ్‌సీ గేటు దగ్గర ఆగిపోయేది కాదు. సూర్యాపేటకు ప్రభుత్వ మెడికల్ కాలేజీ వచ్చింది 2019లోనే. అప్పటికి దానికి ఏడాది కూడా నిండలేదు. పాజిటివ్ అని తేలినవాళ్లను అంబులెన్స్ ఎక్కించి, హైవే మీద దాదాపు 135 కిలోమీటర్ల దూరంలోని హైదరాబాద్ గాంధీ ఆస్పత్రికి పంపించడమే అప్పటి పద్ధతి.

మహమ్మారి రోజుల్లో వైద్య సిబ్బంది పడ్డ ఆందోళన గురించి ప్రపంచవ్యాప్తంగా వందల అధ్యయనాలు అచ్చయ్యాయి. వాటిని ఒకపక్కన, తెలుగు నేల మీద ఆ రెండేళ్లలో జరిగిన సంగతులను మరోపక్కన పెట్టి చదివితే ఒక విషయం తేటపడుతుంది. ఆ భయంలో చాలా భాగానికి కారణం మనసులో కాదు, ఏర్పాట్లలో ఉంది. మాస్కు చాలదు. అద్దె ఇంటివాళ్లు ఖాళీ చేయమంటారు. పేషెంటు పోతే బంధువులు మీదపడతారు. కాంట్రాక్టు ఎప్పుడు తెగుతుందో తెలియదు. ఇవన్నీ తెలిసిన మనిషికి నిద్ర పట్టకపోవడాన్ని జబ్బు అనడం ఎంతవరకు సబబో ముందు తేల్చుకోవాలి.

ఆందోళనను కొలవడానికి ఎక్కువమంది పరిశోధకులు వాడింది జీఏడీ-7 అనే చిన్న ప్రశ్నావళి. ఉన్నవి ఏడే ప్రశ్నలు. గడిచిన రెండు వారాల్లో గాబరాగా, గుండె గుబగుబలాడినట్టుగా ఉందా? దిగులు పడటం ఆపుకోలేకపోతున్నారా? అన్నిటి గురించీ అతిగా ఆలోచిస్తున్నారా? స్థిమితంగా కూర్చోలేకపోతున్నారా? ఒకచోట కుదురుగా ఉండలేనంత అలజడిగా ఉందా? ఊరికే చిరాకు వస్తోందా? ఏదో ఘోరం జరగబోతుందని భయం వేస్తోందా? ఒక్కో జవాబుకు సున్నా నుంచి మూడు మార్కులు, మొత్తం 21. పదికి చేరితే డాక్టర్ను కలవాల్సిన స్థాయి అంటారు. 2006లో అమెరికాలో తయారైన ఈ కొలబద్ద మామూలు రోజుల కోసం పుట్టింది. రోజూ కరోనా వార్డులోకి వెళ్లే నర్సును, ఏదో ఘోరం జరగబోతుందని భయం వేస్తోందా అని అడిగితే ఆమె ఏం చెప్పాలి? పక్క మంచం మీద అది జరుగుతూనే ఉంది కదా!

అయినా అంకెలు చూడక తప్పదు. అందరికంటే ముందు లెక్క తీసింది చైనా. 2020 జనవరి చివర, ఫిబ్రవరి మొదట్లో 34 ఆస్పత్రుల్లోని 1,257 మందిని అడిగితే 44.6 శాతం మందిలో ఆందోళన లక్షణాలు, 50.4 శాతం మందిలో కుంగుబాటు లక్షణాలు కనిపించాయి. ఆ ఏడాదే 13 అధ్యయనాలను, 33,062 మంది జవాబులను కలిపి చూసిన విశ్లేషణలో ఆందోళన 23.2 శాతంగా తేలింది. నిద్రలేమి మాత్రం 38.9 శాతం. భారతదేశంలో పది రాష్ట్రాలు, ఒక కేంద్రపాలిత ప్రాంతం నుంచి 350 మందితో చేసిన సర్వేలో, ఇంకా పరీక్ష చేసి చూడాల్సినంత ఆందోళన 17.7 శాతం మందిలో ఉంది. ఒత్తిడి మగవాళ్లకంటే ఆడవాళ్లలో ఎక్కువగా, దాదాపు రెట్టింపుగా కనిపించింది. ఇల్లు వదిలి హాస్టళ్లలో, తాత్కాలిక బసల్లో ఉన్నవాళ్లకూ ఎక్కువే.

పదిహేడుకూ నలభై నాలుగుకూ మధ్య అంత దూరం ఎందుకు? కొంత కాలం తేడా, కొంత కొలబద్ద తేడా. ఇంకో కారణం కూడా ఉంది, దాన్ని అంత గట్టిగా ఎవరూ చెప్పరు. లాక్‌డౌన్‌లో సర్వేలు చాలావరకు ఆన్‌లైన్‌లో జరిగాయి. వాట్సాప్‌లో లింకు వస్తుంది, ఇంగ్లిష్‌లో ప్రశ్నలుంటాయి, తీరిక దొరికినవాళ్లు నింపుతారు. డాక్టర్లు, పీజీ విద్యార్థులు, పెద్దాస్పత్రుల స్టాఫ్ నర్సులు నింపారు. ఊళ్లో గడపగడపకూ తిరిగిన ఆశా చేతికి ఆ లింకు రాలేదు. వచ్చినా చదివేందుకు తెలుగులో లేదు. వార్డు తుడిచిన మనిషిని అడగాలన్న ఆలోచనే చాలామందికి రాలేదు. కాబట్టి ఈ శాతాలు అడిగినవాళ్లవి. అడగనివాళ్ల బుగులు ఎంతన్నది వీధిలో జరిగిన సంగతుల నుంచి అంచనా కట్టుకోవాల్సిందే.

అందరి నోటా మొదట వచ్చిన మాట ఒకటే. నాకొస్తే రానీ, ఇంట్లోవాళ్లకు తగిలితే ఎట్లా? డ్యూటీ దిగిన నర్సు ఇంటికి రావడమే ఒక తతంగం. చెప్పులు బయటే. ఫోన్ను శానిటైజర్ గుడ్డతో తుడవాలి. వాకిట్లోనో వెనక దొడ్లోనో బకెట్‌లో సర్ఫు నీళ్లు ముందే సిద్ధంగా ఉండాలి, చీర అందులో మునగాలి. తలస్నానం అయ్యేదాకా పిల్లలు ఎదురు రాకూడదు. రెండేళ్ల బిడ్డకు ఆ సంగతి ఎవరు చెప్పగలరు? గదులు రెండే ఉన్న ఇంట్లో ముసలి అత్తమామలకు ఎడంగా పడుకోవడం ఎక్కడ కుదురుతుంది? పల్లెల్లో పనిచేసిన ఏఎన్ఎంలు, ఆశాలలో ఎక్కువమందిది ఇలాంటి ఇల్లే. డాక్టర్లకు కొన్నిచోట్ల హోటల్ గదులు దొరికాయి. ఆశాకు దొరికింది ఆమె ఇంటి వసారా.

ఇంటి బయట సంగతి ఇంకా చేదు. 2020 మార్చిలో ప్రధాని పిలుపు విని జనం బాల్కనీల్లో చప్పట్లు కొట్టారు, పళ్లేలు మోగించారు. ఆ వారంలోనే వరంగల్‌లో అద్దె ఇళ్లలో ఉంటున్న డాక్టర్లను ఖాళీ చేయమన్నారన్న వార్తలు వచ్చాయి. ఢిల్లీ ఎయిమ్స్ రెసిడెంట్ డాక్టర్లు ఇదే గోడు కేంద్ర హోంమంత్రికి లేఖ రాసి చెప్పుకున్నారు. ఏప్రిల్‌లో నెల్లూరుకు చెందిన ఎముకల డాక్టర్ ఒకరు చెన్నైలో కరోనాతో చనిపోతే, అంబత్తూరు శ్మశానంలో దహనం చేయనివ్వలేదు అక్కడివాళ్లు. అదే నగరంలో కొద్ది రోజులకే ఇంకో డాక్టర్ శవాన్ని తెస్తున్న అంబులెన్స్ మీద రాళ్లు పడ్డాయి. బతికుండగా ఇల్లు లేదు, పోతే కాటి దగ్గర చోటు లేదు. దీన్ని మించిన ఆందోళన కారకం ఏ ప్రశ్నావళిలో ఉంటుంది?

అదే ఏడాది జులైలో పెద్దపల్లిలో జరిగింది మరో రకం. కరోనాతో చనిపోయిన మనిషిని తీసుకెళ్లాల్సిన ట్రాక్టర్ డ్రైవర్ భయపడి వెనక్కి తగ్గాడు. జిల్లాలో కరోనా పర్యవేక్షణ చూస్తున్న డాక్టర్ పెండ్యాల శ్రీరామ్ పీపీఈ కిట్ వేసుకుని, తానే స్టీరింగ్ పట్టి శ్మశానానికి నడిపించారు. ఆ వీడియో ఊరూరా తిరిగింది, అందరూ మెచ్చుకున్నారు. మెచ్చుకోవలసిందే. కాకపోతే డాక్టర్ ట్రాక్టర్ ఎక్కాల్సి వచ్చిందంటే, శవాన్ని చేర్చే ఏర్పాటు జిల్లాలో లేదని అర్థం. వీరగాథల్లో చాలావాటి వెనక ఇలాంటి లోటే ఒకటి దాగి ఉంటుంది.

ఆ తెల్లటి కిట్ గురించి కూడా చెప్పుకోవాలి. టీవీలో అది వ్యోమగామి దుస్తుల్లా కనిపించింది. లోపల ఉన్నవాళ్లకు మే నెల ఎండలో ప్లాస్టిక్ సంచిలో మూట కట్టినట్టుండేది. ఒకసారి వేసుకుంటే షిఫ్టు అయ్యేదాకా మంచినీళ్లు లేవు, బాత్రూం లేదు. నెలసరి రోజుల్లో నర్సుల అవస్థ పైకి చెప్పుకోలేనిది. ముందరి షీల్డు మీద ఆవిరి పట్టి, ఐవీ పెట్టాల్సిన నరం మసకగా కనిపించేది. కిట్ వేసుకోవడంకంటే విప్పడం ప్రమాదం, ఎక్కడ చెయ్యి తగిలినా అంటుకుంటుందని శిక్షణలో చెప్పేవారు. అలిసిపోయి ఉన్నప్పుడు చేయాల్సిన పని కూడా అదే.

ఇదంతా కిట్ ఉన్నవాళ్ల మాట. తొలి వారాల్లో అదీ లేదు. అప్పటి విశాఖ జిల్లా నర్సీపట్నం ఏరియా ఆస్పత్రిలో మత్తు డాక్టర్ సుధాకర్, ఎన్95 మాస్కులు ఇవ్వడం లేదని 2020 ఏప్రిల్‌లో బహిరంగంగా అన్నారు. ఒకే మాస్కును రోజుల తరబడి వాడమంటున్నారన్నది ఆయన ఫిర్యాదు. వెంటనే సస్పెన్షన్ వేటు పడింది. మే 16న విశాఖపట్నంలో నడిరోడ్డు మీద పోలీసులు ఆయన చేతులు వెనక్కి విరిచి కట్టిన దృశ్యాలు రాష్ట్రాన్ని కుదిపాయి. తాగిన మత్తులో గొడవ చేశారని పోలీసుల వాదన. ఆయన్ను చేర్చింది ప్రభుత్వ మానసిక వైద్యశాలలో. ఆంధ్రప్రదేశ్ హైకోర్టు సీబీఐ విచారణకు ఆదేశించింది. ఏడాది తర్వాత, 2021 మే 21న, గుండెపోటుతో ఆయన కన్నుమూశారు. తప్పొప్పుల చిట్టా ఎలా ఉన్నా, ఆ రెండు నెలల్లో రెండు రాష్ట్రాల డాక్టర్లకూ ఒక సంగతి బాగా అర్థమైంది. మాస్కు లేదని పైకి చెప్పడం కూడా ప్రమాదమే. భయం ఉంటే పైకి చెప్పుకుంటే సగం తీరుతుందంటారు. ఇక్కడ ఆ దారీ మూసుకుపోయింది.

పరీక్షలు జరగకపోవడం కూడా భయాన్ని పెంచింది. సూర్యాపేటలో ఏప్రిల్ చివరి వారం నుంచి కేసుల సంఖ్య కదలకుండా నిలిచిపోయింది. అక్కడ పరీక్షలు ఎందుకు ఆగిపోయాయో చెప్పమని మే నెలలో తెలంగాణ హైకోర్టు ప్రభుత్వాన్ని అడిగింది. కేసులు లేవని బులెటిన్ చెబుతుంటే ఊరు ఊపిరి పీల్చుకోవచ్చు. రోజుకు యాభై మంది జ్వరపు రోగుల్ని చూసే పీహెచ్‌సీ సిబ్బందికి అది ఊరట కాదు. ఎదురుగా దగ్గుతున్న మనిషికి ఉందో లేదో తెలియని చీకటి అది. జులైలో ర్యాపిడ్ కిట్లు పీహెచ్‌సీలకు వచ్చాక ఆ చీకటి కొంత తొలిగింది, పని మాత్రం ఇంకా దగ్గరికి వచ్చింది. ముక్కులో లోతుగా పుల్ల దూర్చి తిప్పాలి. ఆ క్షణంలోనే మనిషి తుమ్ముతాడు. పుల్లను ద్రావణం గొట్టంలో ముంచి, పట్టీ మీద చుక్కలు వేసి, పావుగంట ఆగితే ఒక గీతో రెండు గీతలో తేలుతుంది. రెండు గీతలొస్తే ఎదుటివాడి మొహం చూసి ఏం కాదు, భయపడకు అని చెప్పాల్సింది ఆ ల్యాబ్ టెక్నీషియనే. ఆ తుమ్ము పడింది తన మీదే.

దెబ్బల సంగతికి వద్దాం. గాంధీ ఆస్పత్రిలో 2020 ఏప్రిల్ 1న చనిపోయిన రోగి బంధువులు డాక్టర్ల మీద చెయ్యి చేసుకున్నారు. జూన్ 9 రాత్రి మళ్లీ అదే జరిగింది. జూనియర్ డాక్టర్లు రోడ్డెక్కారు. వాళ్లు అడిగినవి చూస్తే ఆందోళన ఎక్కడుందో తెలుస్తుంది. భద్రత కావాలి, రాష్ట్రంలోని కరోనా కేసులన్నీ ఒక్క గాంధీకే పంపడం ఆపాలి, జిల్లాల్లో కూడా వైద్యం మొదలుపెట్టాలి. ఇందులో ఒక్కటైనా కౌన్సెలింగ్‌తో తీరే కోరిక ఉందా? అప్పటి ఆరోగ్యమంత్రి ఈటల రాజేందర్ మాట్లాడాక సమ్మె ఆగింది. తర్వాతి వారాల్లో జిల్లా ఆస్పత్రుల్లో కరోనా వార్డులు తెరుచుకున్నాయి.

మనకు అంటురోగాల చట్టం 1897లో బొంబాయి ప్లేగు నాడు పుట్టింది. అధికారులకు ఇల్లు సోదా చేసే అధికారం నుంచి, సదుద్దేశంతో చేసిన పనికి కోర్టు నుంచి రక్షణ దాకా అన్నీ ఇచ్చింది. రోగి పక్కన నిలబడ్డవాళ్ల ఒంటి మీద దెబ్బ పడితే ఏం చేయాలో చెప్పలేదు. ఆ వాక్యం రాయడానికి 123 ఏళ్లు పట్టింది. 2020 ఏప్రిల్ 22న కేంద్రం తెచ్చిన ఆర్డినెన్స్ ప్రకారం వైద్య సిబ్బంది మీద దాడికి మూడు నెలల నుంచి ఐదేళ్ల జైలు, తీవ్ర గాయమైతే ఆరు నెలల నుంచి ఏడేళ్లు. సెప్టెంబరులో అది చట్టమైంది. గాంధీలో జూన్ దాడి జరిగింది ఆ ఆర్డినెన్స్ అమల్లో ఉండగానే.

చావులు కళ్లముందే మొదలయ్యాయి. హైదరాబాద్ ఎర్రగడ్డ ఛాతీ ఆస్పత్రి హెడ్ నర్సు ఒకరు పదవీ విరమణకు కొద్ది రోజుల ముందు, 2020 జూన్‌లో చనిపోయారు. ఆగస్టులో భద్రాద్రి కొత్తగూడెం జిల్లా డిప్యూటీ డీఎంహెచ్‌వో పోయారు. మొదటి అలలో 748 మంది డాక్టర్లను పోగొట్టుకున్నామని భారత వైద్య సంఘం లెక్క చెప్పింది. రెండో అల దాన్నీ మించింది. 2020 జనవరి, 2021 మే మధ్య ప్రపంచం మొత్తం మీద 80 వేల నుంచి లక్షా 80 వేల మంది దాకా వైద్య సిబ్బంది కరోనాకు బలయ్యారని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. అంచనాలో అంత పెద్ద సందు ఉండటానికి కారణం, చాలా దేశాలు వాళ్లను విడిగా లెక్కపెట్టకపోవడమే. డాక్టర్ల లెక్క సంఘం ఉంచింది. ఆశాల లెక్కా, ఆయాల లెక్కా ఎవరు ఉంచారు?

ఇక డబ్బు. ఆందోళన గురించి రాసే మానసిక వైద్య వ్యాసాల్లో దీనికి దక్కే చోటు తక్కువ, ఇళ్లలో మాత్రం ఎక్కువ. 2020 మార్చి చివర తెలంగాణ ప్రభుత్వం ఉద్యోగుల జీతాల్లో కోత ప్రకటించింది. ఆ తర్వాత వైద్యులకు, పోలీసులకు పూర్తి జీతం ఇస్తామని, వైద్య సిబ్బందికి పది శాతం అదనంగా ఇస్తామని ముఖ్యమంత్రి కేసీఆర్ చెప్పారు. ఏడాది గడిచాక, 2021 మే 26న జూనియర్ డాక్టర్లు మళ్లీ విధులు బహిష్కరించినప్పుడు వాళ్ల చిట్టాలో ఆ పది శాతం కూడా ఉంది. తమకు జబ్బు చేస్తే నిమ్స్‌లో వైద్యం చేయాలని, చనిపోతే కుటుంబానికి పరిహారం ఇవ్వాలని కూడా అడిగారు. కరోనాకు వైద్యం చేసే డాక్టర్ తన కరోనాకు మంచం ఎక్కడ దొరుకుతుందో తెలియక సమ్మె చేయాల్సి వచ్చిందన్నమాట.

బీమా కథ ఇంకా విచిత్రం. కరోనా విధుల్లో చనిపోతే 50 లక్షలు అని 2020 మార్చి 26న కేంద్రం ప్రకటించింది. ఆశాలకు, పారిశుధ్య కార్మికులకు కూడా వర్తిస్తుందని చెప్పడం నిజంగా మంచి పని. ఏడాది తిరిగేసరికి, రెండో అల లేస్తున్న సమయంలో, 2021 మార్చి 24తోనే పథకం ముగిసిందని, ఏప్రిల్ 24 దాకా వచ్చిన క్లెయిములే తీసుకుంటామని రాష్ట్రాలకు లేఖ వెళ్లింది. గగ్గోలు పుట్టాక గడువు పెంచారు. అదే ఏప్రిల్ 27న తెలంగాణలో ఒక్కరోజులో పది వేలకు పైగా కేసులు వచ్చాయి. మే 1న ఆరోగ్యమంత్రిని కూడా తప్పించారు. అలాంటి వారంలో ఒక నర్సు మనసు స్థిమితంగా ఉండాలని ఎవరైనా ఎలా కోరతారు? కరోనా కోసం తీసుకున్న పదహారు వందలకు పైగా ఔట్‌సోర్సింగ్ నర్సులను అల తగ్గాక, ఆ జులైలోనే ఇంటికి పంపారు.

చివ్వెంల లాంటి మండలాల్లో ఈ భారమంతా ఆశా భుజం మీదికి వచ్చిన ఘట్టం జ్వర సర్వే. 2021 మే మొదటి వారంలో రాష్ట్రమంతా మొదలైంది. ఆశా, ఏఎన్ఎం, పంచాయతీ మనిషి కలిసి గడపగడపకూ వెళ్లాలి. జ్వరముందా, దగ్గుందా, వాసన తెలుస్తోందా అని అడగాలి. వేలికి ఆక్సీమీటర్ పెట్టాలి. లక్షణాలుంటే పారాసిటమాల్, యాంటీబయాటిక్, విటమిన్ బిళ్లలున్న కిట్ చేతిలో పెట్టి, ఎట్లా వేసుకోవాలో చెప్పి రాసుకోవాలి. పరీక్ష చేసి పాజిటివ్ అని తేల్చేదాకా ఆగకపోవడం వల్ల పల్లెల్లో మందు త్వరగా చేతికందింది, ఆ సంగతి ఒప్పుకోవాలి. కానీ రోజూ పదుల ఇళ్ల ముందు, గుడ్డ మాస్కుతో, చేతి దూరంలో నిలబడ్డ మనిషికి కొన్ని ఇళ్లలో తలుపే తీయలేదు. మీరు తిరుగుతూ తిరుగుతూ మాకు అంటిస్తరు, పోండి అన్నవాళ్లున్నారు. జ్వరం దాచినవాళ్లున్నారు. ఆ దాచిన జ్వరం తర్వాత ముదిరితే, సర్వేలో ఎందుకు రాయలేదని ఆశానే అడిగేవారు. ఆశాలకు కరోనా పనికి కేంద్రం ఇచ్చిన అదనపు ప్రోత్సాహకం నెలకు వెయ్యి రూపాయలు.

రెండో అలలో ఆందోళన రంగు మారింది. తనకు సోకుతుందన్న భయం వెనక్కి పోయి, చేతకానితనం ముందుకొచ్చింది. 2021 మే 10న తిరుపతి రుయా ఆస్పత్రికి రావాల్సిన ఆక్సిజన్ ట్యాంకర్ ఆలస్యమైంది. నిమిషాల వ్యవధిలో ఒత్తిడి పడిపోయి 11 మంది చనిపోయారని అధికారులు చెప్పారు. కోపంతో బంధువులు ఐసీయూలోకి చొరబడి పరికరాలు విరగ్గొట్టారు, నర్సులు, డాక్టర్లు ప్రాణభయంతో పారిపోయారు. అదే వారంలో కోదాడ దగ్గర రామాపురం క్రాస్‌రోడ్డు, మిర్యాలగూడ వైపు వాడపల్లి, గద్వాల వైపు పుల్లూరు చెక్‌పోస్టుల్లో ఆంధ్రా నుంచి వస్తున్న అంబులెన్సులను తెలంగాణ పోలీసులు ఆపారు. హైదరాబాద్ ఆస్పత్రి నుంచి ముందస్తు అనుమతి ఉంటేనే లోపలికి. మే 14న హైకోర్టు ఆ ఉత్తర్వు మీద స్టే ఇచ్చేదాకా, హైవే పక్కన ఆగిన అంబులెన్సులో తరిగిపోతున్న సిలిండర్ ముల్లును చూస్తూ కూర్చున్న టెక్నీషియన్ పరిస్థితి ఏమిటి? ఏం చేయాలో తెలుసు, చేయనివ్వరు. కళ్లముందు మనిషి జారిపోతాడు. బ్రిటన్ మానసిక వైద్యుడు నీల్ గ్రీన్‌బర్గ్ బృందం దీన్ని సైనికులకు యుద్ధంలో తగిలే నైతిక గాయంతో పోల్చి 2020 మార్చిలోనే హెచ్చరించింది. తర్వాత ఇంగ్లండ్‌లో తొమ్మిది ఐసీయూల్లోని 709 మంది సిబ్బందిని అడిగితే, దాదాపు 45 శాతం మందిలో తీవ్రమైన కుంగుబాటో, తీవ్ర ఆందోళనో, గాయపు జ్ఞాపకాల వేధింపో, తాగుడు సమస్యో ఏదో ఒకటి కనిపించింది. అక్కడ ఆక్సిజన్ ట్యాంకర్ దారి తప్పలేదు. ఇక్కడ అలాంటి లెక్క తీసినవాళ్లు తక్కువ.

టీకా వచ్చాక బుగులు కొంత తగ్గింది, కాకపోతే అదీ సూటిగా తగ్గలేదు. 2021 జనవరి 16న మొదటి సూదులు వైద్య సిబ్బందికే వేశారు. మూడో దశ పరీక్షలు పూర్తికాకుండానే కొవాగ్జిన్‌కు అనుమతిచ్చారని దేశమంతా వాదన నడుస్తోంది. తమ మీదే ప్రయోగం చేస్తున్నారా అన్న శంకతో వెనకాడినవాళ్లు సిబ్బందిలోనూ ఉన్నారు. ఫిబ్రవరి 13 నుంచి రెండో డోసులు మొదలయ్యాయి. ఆ నెల 28న చివ్వెంల మండలం దురాజ్‌పల్లిలో పెద్దగట్టు లింగమంతుల జాతర మొదలైంది. ఐదు రోజులు, లక్షల జనం, ఓ లింగా ఓ లింగా కేకలు. అరవై ఏళ్లు దాటినవాళ్లకు దేశంలో టీకా తలుపులు తెరుచుకుంది జాతర రెండో రోజు, మార్చి 1న. అంటే గట్టు ఎక్కిన జనంలో దాదాపు ఎవరికీ టీకా లేదు. వైద్య శిబిరంలో కూర్చున్నవాళ్లకు మాత్రం ఉంది. ఏడాది తర్వాత మొదటిసారి రోగికంటే సిబ్బందే కాస్త నిబ్బరంగా ఉన్న రోజులవి. ఎక్కువ కాలం నిలవలేదు.

మరి ఏం చేస్తే తగ్గుతుంది? ఇక్కడ శాస్త్రం చేతిలో ఉన్నది చాలా తక్కువ. ఇలాంటి రోగాల కాలంలో సిబ్బంది మనోబలాన్ని నిలబెట్టే ఉపాయాల మీద అప్పటిదాకా వచ్చిన పరిశోధనలన్నిటినీ 2020 నవంబరులో కాక్రేన్ అనే అంతర్జాతీయ సంస్థ సమీక్ష జల్లెడ పట్టింది. 16 అధ్యయనాలు దొరికాయి. వాటిలో ఫలితాన్ని సరిగ్గా కొలిచింది ఒక్కటే, అదీ ఎబోలా నాటిది. యోగా, ధ్యానం, మొబైల్ యాప్, ప్రేరణ ప్రసంగం, వీటిలో ఏది పనిచేస్తుందో చెప్పడానికి గట్టి ఆధారం లేదు. అవి చెడ్డవని కాదు. మాస్కు బదులు వాటిని పంచితేనే తప్పు.

2003 సార్స్ అనుభవం ఇంకో పాఠం చెప్పింది. టొరంటోలో సార్స్ రోగులను చూసిన ఆస్పత్రుల సిబ్బందిని, పక్కనే ఉన్న హామిల్టన్‌లో సార్స్ తగలని ఆస్పత్రుల సిబ్బందిని ఏడాది నుంచి రెండేళ్ల తర్వాత పోల్చి చూశారు. టొరంటోవాళ్లలో అలసట, మనోవేదన అప్పటికీ ఎక్కువే. శిక్షణ, రక్షణ సరిగ్గా అందాయని, సంస్థ తమ వెంట నిలిచిందని అనుకున్నవాళ్లు మాత్రం మెరుగ్గా ఉన్నారు. 2018లో కేరళ కోజికోడ్ దగ్గర పేరంబ్రలో నిపా రోగికి సేవ చేస్తూ నర్సు లినీ పుదుశ్శేరి ప్రాణం విడిచాక, ఆ ప్రభుత్వం ఆమె కుటుంబానికి అండగా నిలిచింది, భర్తకు ఉద్యోగమిచ్చింది. అది పరిహారమే కాదు, మిగతా నర్సులకు ఇచ్చిన హామీ కూడా.

నిజంగా మానసిక వైద్యం అవసరమైనవాళ్లు ఉండరని దీనర్థం కాదు. ఉన్నారు, వాళ్లు తలుపు తట్టడానికే జంకుతారు. న్యూయార్క్‌లో అత్యవసర విభాగం అధిపతి డాక్టర్ లోర్నా బ్రీన్ 2020 ఏప్రిల్‌లో ఆత్మహత్య చేసుకున్నారు. చికిత్స తీసుకుంటున్నట్టు తెలిస్తే లైసెన్సు పోతుందేమోనని ఆమె భయపడ్డారని కుటుంబం చెప్పింది. రెండేళ్లకు ఆమె పేరుతోనే అక్కడ చట్టం వచ్చింది. మన దగ్గర లైసెన్సు సంగతి అటుంచి, డాక్టరమ్మకే పిచ్చిడాక్టర్ కావాల్సి వచ్చిందట అన్న ఒక్క మాట చాలు, ఊళ్లో తల ఎత్తుకోలేకుండా చేస్తుంది. దేశంలో లక్ష జనాభాకు ఒక్క మానసిక వైద్యుడు కూడా లేడు. 2022 అక్టోబరు 10న మొదలైన మానసిక సహాయ ఫోన్ సేవ టెలి మానస్ నంబరు 14416 తెలుగులోనూ పలుకుతుంది, ఏ వేళప్పుడైనా పేరు చెప్పకుండా మాట్లాడొచ్చు. కరోనా తీవ్రత తగ్గాక వచ్చినా, వచ్చింది కాబట్టి ప్రతి సబ్‌సెంటర్ గోడ మీదా ఆ నంబరు రాసి ఉండాలి.

అంతకుముందే, 2022 మే 22న, దేశంలోని పది లక్షల మంది ఆశాలకు ప్రపంచ ఆరోగ్య సంస్థ పురస్కారం ప్రకటించింది. తెలంగాణలో వాళ్ల నెల పారితోషికం అప్పటికి 9,750 రూపాయలు. 18 వేల స్థిర వేతనం కావాలని 2023లో సమ్మె చేశారు, 2024 డిసెంబరులో కోఠిలో ధర్నాకు కూర్చుంటే పోలీసులతో తోపులాట జరిగింది. ప్రభుత్వ కాగితాల్లో వాళ్లు ఇప్పటికీ ఉద్యోగులు కారు, స్వచ్ఛంద కార్యకర్తలు. రేపు ఇంకో జ్వరం వస్తే చివ్వెంల గడపల ముందు మొదట నిలబడేది వాళ్లే కాబట్టి జిల్లా యంత్రాంగం ఇప్పుడే చేయదగ్గ పని ఒకటుంది. ఆ ఏడు ప్రశ్నలనూ తెలుగులో, కాగితం మీద, ముందుగా ఆశాలనూ ఆయాలనూ అడగాలి. ఆ జవాబులు కౌన్సెలర్‌తో పాటు మాస్కుల స్టోరు చూసే అధికారికి, జీతాల బిల్లు మీద సంతకం పెట్టే అధికారికి కూడా చేరాలి.